పిల్లి జంపఖానా

నా చిన్నప్పుడు మట్టెవాడలో మా ఇంట్లో పొద్దంతా రెండు చప్పుళ్లు వినబడేవి. కింద మగ్గాల చప్పుడు, పైన లేబుళ్ల మామ చప్పుడు. మగ్గాలు మా బాపువి, నాలుగు మగ్గాల మీద జంపఖానాలు నేయించేవాడు. లేబుళ్ల మామ మాకు చుట్టం కాదు, పై అర్రలో కిరాయికి ఉండే మనిషి. రంగు కుంచెను నీళ్ల గ్లాసులో కడిగి, గ్లాసు అంచుకు టకటకా కొట్టేవాడు. నేను బడి నుంచి వచ్చి పలక మూలకు పడేసేటప్పటికి ఆ టకటక వినబడితే మామ ఇంట్లో ఉన్నట్టు.

ఆయన అసలు పేరు మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. బీడీ కట్టల మీది లేబుళ్లు, అగర్‌బత్తి డబ్బాలు, సబ్బు కాగితాలు, పచ్చడి సీసాల మీది మామిడికాయలు, ఇవన్నీ గీసి బతికేవాడు. అందుకే లేబుళ్ల మామ. ఏ కొట్టుకు పోయినా ఆయన గీసినది ఒక్కటైనా కనబడేది. ఎదురెదురుగా రెండు నెమళ్లు, మధ్యలో దీపం. ఎదురెదురుగా రెండు ఏనుగులు, మధ్యలో తామరపువ్వు. రెండు పక్కలా సమానంగా ఉంటే కొనేవాడి కన్ను కుదురుగా నిలుస్తుందని ఆయనే చెప్పేవాడు.

మా జంపఖానాల డిజైన్లు కూడా ఆయనే గీసేవాడు. ఆ పద్ధతి తెలియని వాళ్లకు కొంచెం చెప్పాలి, నేను చేసిన పనంతా దాని మీదే నడిచింది. జంపఖానా బొమ్మను గళ్ల కాగితం మీద గీస్తారు. మా బాపు ఎప్పుడూ సగం బొమ్మే గీయించేవాడు. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కనే కూర్చుంటారు. ఎడమవైపు మనిషి కాగితంలో ఉన్నది ఉన్నట్టు నేస్తాడు, కుడివైపు మనిషి అదే బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి నేస్తాడు. రెండు సగాలు కలిస్తే ఒక జంపఖానా. మొత్తం గీయించడం కాగితం దండగ అనేవాడు బాపు. ఆ కాగితాన్ని కూడా బెత్తెడు పట్టీలుగా కత్తిరించి, నేత పైకి పోయిన కొద్దీ ఒక్కొక్క పట్టీ కళ్ల ఎదుట తగిలించేవారు. పని అయిపోయిన పట్టీలు మా అమ్మ పొయ్యిలోకి పోయేవి.

ఇదంతా ఆయన కూటి కోసం చేసే పని. ఆయన అర్ర తలుపు వెనక ఇంకొక పని ఉండేది. అక్కడ గోడకు ఆనించిన అట్టల మీద నెమళ్లు లేవు, ఏనుగులు లేవు, మనుషులూ లేరు. ఉత్త రంగులు. ఒక ఎరుపు మీదికి ఇంకొక ఎరుపు వచ్చి ఆగేది. ఒక గీత ఎక్కడికో పోతూ పోతూ మధ్యలో మనసు మార్చుకునేది. మా నాయనమ్మ ఒకసారి పప్పు గిన్నె ఇవ్వడానికి పైకి పోయి, వాటిని చూసి కిందికి వచ్చి, 'ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి' అని మూతి తిప్పింది. బాపు నవ్వేవాడు. మగ్గాల మీది వాళ్లు, 'ఏం బొమ్మ మామా గిది, కుండ పలిగిందా?' అని ఆటపట్టించేవారు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి, వాళ్లతోపాటు తనూ నవ్వేవాడు.

నాకు మాత్రం ఆ అర్రలోకి ఎప్పుడైనా పోవచ్చునని అనుమతి ఉండేది. నాకప్పుడు పదేళ్లు. నేను ప్రశ్నలు ఎక్కువ అడిగేదాన్ని, ఆయనకు అడిగేవాళ్లు లేరు. అట్లా ఇద్దరికీ కుదిరింది.

అప్పట్లో ఆయన ఒకే బొమ్మ మీద చాలా నెలలుగా పని చేస్తుండేవాడు. మంచి కాగితం కొనుక్కోలేక మా గళ్ల కాగితాన్నే, పెద్ద తావును, వాడుకున్నాడు. దాని మీద దాదాపు అంతా నీలమే. ఒకటే నీలం కాదు, దగ్గరికి పోతే లోపల ఎన్నో నీలాలు. పై మూలలో నా అరచేయంత పసుపు. అంతే. ఇంత పెద్ద నీలానికి ఇంత చిన్న పసుపా మామా అని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా కిందికి తీసుకుపోయి, మా ఇంట్లో నూలు తూచే తక్కెడ ముందు కూర్చోబెట్టాడు. ఒక పళ్లెంలో ఇనుప గుండు పెట్టాడు, నా పిడికిలంత ఉంటుంది. రెండో పళ్లెంలో దూది పెట్టుకుంటూ పొమ్మన్నాడు. నేను పెడుతూనే ఉన్నాను. దూది పళ్లెం దాటి, అంచులు దాటి, నా ముఖం కనబడనంత పెరిగింది. అప్పటికి గాని ముల్లు మధ్యకు రాలేదు.

'గిప్పుడు చెప్పు బిడ్డా, ఏది చిన్నది, ఏది పెద్దది?' అన్నాడు.

నేను మళ్లీ పైకి ఉరికి బొమ్మను చూశాను. మూలన ఉన్న ఆ కొంచెం పసుపు, ఇంత నీలాన్నీ పట్టి ఆపుతున్నది. అప్పటిదాకా బొమ్మలో ఏముందని వెతికేదాన్ని, ఆరోజు మొదటిసారి బొమ్మను చూశాను. పదేళ్ల పిల్లకు అంత అర్థమైందా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, అర్థమైంది. అందుకే నా తప్పుకు తెలియనితనం అనే సాకు లేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఆయన హైదరాబాదు పోయాడు. బీడీ లేబుళ్లు అచ్చయ్యేటప్పుడు రంగులు సరిగ్గా పడుతున్నాయో లేదో ప్రెస్సులో దగ్గరుండి చూసుకోవాలి. నాలుగు రోజుల్లో వస్తానన్నవాడు వారం దాటినా రాలేదు. ఇక్కడ బాపుకు కొత్త డిజైను కావాలి. సేటు ఒకాయన నమూనా జంపఖానా ఒకటి చూపిస్తే పెద్ద ఆర్డరు ఇస్తానన్నాడు. మామ పోయేముందు గీసి ఇస్తానని మరిచిపోయాడు. మగ్గం ఖాళీగా ఉండడం మా ఇంట్లో చావు ఇంటి లెక్క. బాపు అటు ఇటు తిరుగుతూ, ఎప్పుడూ అనని మాటలు అన్నాడు.

'వానికి పని మీద ఫికరే లేదు. పైన కూసొని పిచ్చి రంగులు పూసుకుంటాండు. ఇగ వానికి డిజైన్లు ఇచ్చుడు బంద్. అర్ర గూడ ఖాళీ చెయ్యమంట.'

నాయనమ్మ వంత పాడింది. మామ పోతే ఆ అర్ర పోతుంది, నీలం పోతుంది, నన్ను పెద్దదానిలాగా చూసే మనిషి పోతాడు. నేను పైకి పోయాను. బీరువా పక్కన పాత డిజైన్లు చుట్టలుగా ఉన్నాయి, కాని అవన్నీ బాపు ఇదివరకే నేయించినవి. గోడ మీద నీలం బొమ్మ ఉంది. గళ్ల కాగితం మీదే ఉంది. ఊళ్లో ఎవరూ ఇంతకన్నా మంచి బొమ్మ గీయలేరని నాకు తెలుసు. దాన్ని చూస్తే బాపు నోరు మూతపడుతుందని, మామ ఎంత గొప్పవాడో అందరికీ తెలుస్తుందని అనుకున్నాను. ఇది నిజం. దాంతోపాటు ఇంకొక నిజం కూడా ఉంది. అక్కరకు డిజైను తెచ్చిన పిల్లనని నన్ను మెచ్చుకుంటారని కూడా అనుకున్నాను.

నాలుగు మేకులు ఊడదీసి, బొమ్మను కిందికి తెచ్చి, బాపు చేతిలో పెట్టి చెప్పాను. 'మామ పోయేటప్పుడు గిది నీకియ్యుమన్నడు బాపూ. నేనే మర్చిపోయిన.'

బాపు ముఖం విప్పారింది. 'గీ మాట పొద్దుగాలనే చెప్పద్దా బిడ్డా! ఉత్తగ తిట్టుకుంటిని తమ్మిని' అని నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. ఆ చేతి బరువు నాకు ఎంతో బాగుండింది.

బాపు కాగితాన్ని నేల మీద పరిచి చూశాడు. పసుపు ఒక్క మూలనే ఉంది. ఆయనకు అందులో అనుమానం ఏమీ రాలేదు, వచ్చేదే కాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన చేతికి వచ్చిన ప్రతి కాగితమూ సగమే. 'సగం మంచిగ కుదిరింది' అని కత్తెర తెమ్మన్నాడు. నాకు అప్పుడు వెలిగింది. ఆ బొమ్మ సగం కాదు, మొత్తం. నా నోటి దాకా వచ్చింది. చెప్తే, నేను ఆడిన అబద్ధం బయటపడుతుంది. నెత్తి మీది చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. నేను పోయి కత్తెర తెచ్చి ఇచ్చాను.

కాగితం కత్తిరించే చప్పుడు పెద్దదేమీ కాదు. ఇప్పుడు కూడా బట్టల దుకాణంలో గుడ్డ కత్తిరిస్తుంటే నేను పక్కకు తిరుగుతాను. ఆరోజు మాత్రం తిరగలేదు, నిలబడి చూశాను. నీలం పట్టీలు పట్టీలుగా తెగింది.

నేత అయిదారు రోజులు నడిచింది. చివరికి వచ్చేసరికి ఎడమవైపు మూలన పసుపు తేలింది, దానికి జవాబుగా కుడివైపు మూలన ఇంకొక పసుపు తేలింది. మగ్గం మీది ఆయన లేచి నిలబడి, దూరం నుంచి చూసి, ఒక్కసారిగా చప్పట్లు కొట్టాడు. 'అరే, పిల్లి! మామ పిల్లి మొఖం గీసిండ్రో!' అందరూ వచ్చి చూశారు. నిజమే. నీలం ముఖం, పైన రెండు పసుపు కళ్లు. ఇన్నాళ్లూ మామ బొమ్మల్లో ఏమీ కనబడక నవ్విన వాళ్లందరికీ ఒక్కసారిగా పిల్లి కనబడింది. ఎంత సంబరపడ్డారో! నాయనమ్మ ఒక్కతే, 'పిల్లి మొఖం మీద కూసుంటరా ఎవరన్న, అపశకునం' అని తిట్టింది. సేటు వచ్చి చూసి, పిల్లి అంటే ఎవరూ కొనరు, పులి అని అమ్ముదామన్నాడు. యాభై కావాలన్నాడు.

మామ ఆ మర్నాడు మధ్యాహ్నం దిగాడు. నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఆయన్ను అంత హుషారుగా నేను ఎప్పుడూ చూడలేదు. చేతిసంచి కూడా కింద పెట్టకుండా నా ముందు గొంతుకూర్చున్నాడు. హైదరాబాదులో ఎవరో పెద్ద చిత్రకారుడిని కలిశాడట. నలుగురి బొమ్మలు కలిపి హాల్లో పెడుతున్నారట, ఆయనను కూడా ఒక్కటి తెచ్చి పెట్టమన్నారట. అందుకే ఇన్ని రోజులు ఆగిపోయాడట. 'ఎల్లుండి పొద్దుగాల ఇయ్యాలె బిడ్డా. మన నీలం బొమ్మ తీస్కపోతాన. ఇప్పటిదాంక ఎవ్వలకు చెప్పలే, మొదలు నీకే చెప్తాన' అన్నాడు.

మన నీలం బొమ్మ అన్నాడు. ఆయన మెట్లెక్కి పోయాడు. పైన అడుగుల చప్పుడు అటు ఇటు తిరిగింది. కొంచెం ఆగింది. మళ్లీ తిరిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను నా గౌను అంచు చూసుకుంటూ కూర్చున్నాను. ఆయన మెల్లగా దిగివచ్చి మగ్గాల గదిలోకి పోయాడు. నేను గడప దగ్గర నిలబడ్డాను.

బాపు ఎదురుపోయి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. 'తమ్మీ, ఏం గీసినవయ్య! సేటు యాభై అడిగిండు. పిల్లతోని పంపినవు గని, నోటితోని ఒక్క మాట చెప్పిపోతే ఏం పోయింది?'

నేలంతా పరిచి ఉన్న జంపఖానాను మామ చూశాడు. పిల్లి ఆయన్ను చూసింది. గోడవారగా పని అయిపోయిన నీలం పట్టీలు కుప్పగా ఉన్నాయి, కొన్ని అప్పటికే పొయ్యిలోకి పోయాయి. తర్వాత ఆయన తల తిప్పి గడప దగ్గర ఉన్న నన్ను చూశాడు. ఎంతసేపు చూశాడో తెలియదు. కోపం ఉంటే బాగుండేది. ఏదో ఒక లెక్కను లోపల వేసుకుంటున్నట్టు చూసి, బాపు వైపు తిరిగాడు.

'అవునన్నా. నేనే ఇయ్యుమన్న. యాది మరిచిన.'

సాయంత్రం ఆయన నన్ను పిలిచాడు. జంపఖానా ముందు నిలబెట్టి, తానే వంగి, దాన్ని నిలువునా సగానికి మడిచాడు. కుడి సగం కిందికి పోయింది, ఎడమ సగం పైకి వచ్చింది. ఒక్క పసుపే మిగిలింది. పిల్లి మాయమైంది.

'జూడు. నా బొమ్మ యాడికి పోలే. అచ్చం గదే' అన్నాడు. ఇంకేదో అడగబోతున్నట్టు, లేకపోతే నేను ఏదో అంటానని చూస్తున్నట్టు, కొంచెంసేపు అట్లాగే వంగి ఉన్నాడు. నేను తల ఊపాను. నిజంగా నమ్మాను. నా గుండె మీది బండ దిగిపోయి, అవతలి సందులో పిల్లలు ఆడుతున్నారని ఉరికాను.

అది అచ్చం అదే కాదు. ఆయన నీలంలో ఎన్నో నీలాలు ఉండేవి, మా నూలులో ఒకటే నీలం. ఆయన పసుపు అంచులు నీలంలోకి కరిగేవి, మా పసుపు మెట్లు మెట్లుగా గడుల్లో ఆగిపోయింది. ఆయనకు ఇది నాకన్నా బాగా తెలుసు. తెలిసే నా కోసం అబద్ధమాడాడు. నేనాడిన అబద్ధం నలుగురూ నన్ను మెచ్చుకోవడానికి, ఆయన ఆడిన రెండూ నన్ను కాపాడడానికి.

అనుకున్న రోజుకు ఆయన హైదరాబాదు పోలేదు. వేరే బొమ్మ తీసుకుపోరాదా అని నేను అడిగితే, మిగతావి ఇంకా తక్కెడలో నిలబడలేదు అన్నాడు. సేటు యాభైకి కాగితం కావాలి కదా, పట్టీలు కాలిపోయాయి. బాపు మళ్లీ గీసి ఇమ్మన్నాడు. ఆయన తన బొమ్మను తానే జ్ఞాపకం నుంచి, డిజైనుగా, సగంగా, గీసి ఇచ్చాడు. కళ్లు మధ్యకు కొంచెం జరిపితే పులి ఇంకా బాగా కనబడుతుందని సేటు అంటే అట్లా కూడా జరిపాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి కూడా నేను ముందుకు పోలేదు. ఆ ఏడాది పులి జంపఖానా మా ఇంటికి మంచి అన్నం పెట్టింది. నమూనాగా నేసిన మొదటిది మాత్రం అమ్మకుండా మా ఇంట్లోనే ఉంచుకున్నాం. తర్వాత ఏడాది ఆయన అర్ర ఖాళీ చేసి హన్మకొండకు పోయాడు. ఆ బొమ్మ సంగతి మా బాపుకు చనిపోయేదాకా తెలియనే తెలియదు.

నేను టీచరునయ్యాను. ముప్పై ఏళ్లు పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పి జీతం తీసుకున్నాను. ఒక్క పని మాత్రం నిజాయితీగా చేశాను. అబద్ధమాడిన పిల్లను ఏనాడూ నలుగురిలో నిలబెట్టి అడగలేదు. పిల్లలను కాపాడడానికి, మామ అన్న 'నేనే ఇయ్యుమన్న' లాంటి మాట నా నోటి నుంచి కూడా చాలాసార్లు వచ్చింది. ఆ పిల్లల్లో చాలామంది, రెండు రోజులకో వారానికో, స్టాఫ్ రూం తలుపు దగ్గర నిలబడి, ఏడ్చుకుంటూ నిజం చెప్పిపోయేవారు. అట్లా వచ్చిన ప్రతి పిల్లను చూసినప్పుడు నాకు సిగ్గయ్యేది. మామ ఆరోజు నాకు గడువు ఇచ్చాడు. నిజం చెప్పడానికి నేను ఆయన అర్ర మెట్లు ఎక్కలేదు.

మా బిడ్డ పెళ్లికి శుభలేఖల కోసం హన్మకొండలో ఒక కొట్టుకు పోతే, లోపల బల్ల దగ్గర కళ్లద్దాలు పెట్టుకుని వినాయకుడిని గీస్తూ కనబడ్డాడు. జుట్టంతా తెల్లబడింది. కుంచె గ్లాసు అంచుకు టకటకా కొట్టగానే నాకు తెలిసిపోయింది. ఆయన నన్ను ఇట్టే గుర్తుపట్టాడు. బాపు గురించి అడిగాడు, పెండ్లికొడుకు గురించి అడిగాడు. చివరికి నవ్వుతూ, 'జంపఖానా ఉన్నదా బిడ్డా?' అన్నాడు.

'ఉన్నది మామా. సగం మడిచే పరుస్తాన' అన్నాను.

ఆయన కుంచె పక్కన పెట్టి నా వైపు చూశాడు. వెనకటి చూపే. అప్పుడు చెప్పి ఉండాలి. నోరు తెరిచాను కూడా. బయట మా ఆయన ఆటో ఆగదని కేకేశాడు. 'కార్డులు తీస్కపోయేటప్పుడు మళ్లస్త మామా, మీతోని జర మాట్లాడేదున్నది' అన్నాను. 'రా బిడ్డా, యాడికి పోతా' అన్నాడు.

కార్డులు తయారైనప్పుడు పోతే ఆ కుర్చీ ఖాళీ. వారం కిందట దవాఖానలో పోయాడని కొట్టాయన చెప్పాడు. ఆయన వేసిన బొమ్మలు ఏమైనా ఉన్నాయా అని అడిగాను. 'బొమ్మలా? ఆయన లేబుళ్లు గీసేటోడు గదమ్మా' అన్నాడు. కార్డుల కట్ట చంకలో పెట్టుకుని నేను రోడ్డు మీద నిలబడి ఏడ్చాను. బిడ్డ పెళ్లి కదా, తల్లికి దుఃఖం వచ్చిందని చూసినవాళ్లు అనుకుని ఉంటారు.

మొన్న సెలవులకు మా మనవరాలు వచ్చింది. ఎనిమిదేళ్లది, దాని చేతులు ఊరుకోవు. నేను వంటింట్లో ఉండగా హాల్లోంచి అరిచింది. 'అమ్మమ్మా, దీంట్ల పిల్లి ఉన్నది!' పోయి చూస్తే జంపఖానాను పూర్తిగా పరిచి, ఫోనులో ఫొటో తీస్తున్నది. అన్నేళ్ల తర్వాత ఆ రెండు కళ్లూ నన్ను చూశాయి. నేను గట్టిగా కసిరాను. పిల్ల బిత్తరపోయి, ఏడుపు ముఖం పెట్టింది. దాని తప్పేముంది? దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, జీవితంలో మొదటిసారి, జరిగిందంతా చెప్పాను. అబద్ధం కూడా చెప్పాను, కత్తెర తెచ్చి ఇచ్చింది నేనేనని కూడా చెప్పాను.

అంతా విని అది ఒక్కటే అడిగింది. 'మరి ఆ తాతకు సారీ చెప్పినవా?'

లేదన్నాను. అది నా ఒళ్లోంచి దిగి, తన చిన్న చేతులతో జంపఖానాను సగానికి మడిచింది. కుడి సగం పైకి వచ్చింది. అట్లా కాదని నేను విప్పి, ఎడమ సగం పైకి వచ్చేట్టు మళ్లీ మడిచాను. దాని ముందు ఇద్దరం కూర్చున్నాం. పిల్ల మూలనున్న పసుపు మీద వేలు పెట్టింది. 'గింత చిన్నగున్నది గని అమ్మమ్మా, నా కన్ను దీని మీదికే పోతాంది' అంది.

ఆ మాట వినడానికి మామ ఉంటే ఎంత మురిసిపోయేవాడో. నేను పిల్లకు తక్కెడ సంగతి, దూది సంగతి చెప్పాను. ఆయన నేర్పింది దానికి అందింది, అంతవరకు నాకు తృప్తే. కాని నేను దాచిన నిజం మాత్రం ఇన్నేళ్లకు బయటికి వచ్చి, ఎనిమిదేళ్ల పిల్ల చెవిలో పడింది. అది వినవలసిన మనిషి ఆరోజు జంపఖానా మీద వంగి, నేను నోరు తెరుస్తానేమోనని ఆగాడు. నేను ఆడుకోవడానికి ఉరికాను.